విద్యుద్దీపమునకు వెల: గృహిణులు తెలిసికొనదగిన లెక్క

గోడనున్న మీట నొక్కినంతనే దీపము వెలుగును, పంకా తిరుగును, బావిలోని నీరు మేడమీదికెక్కును. ఇంత సులభముగ లభించు సౌఖ్యమునకు వెల యెట్లు కట్టబడుచున్నదో మాత్రము మనలో పెక్కుమంది యెఱుగరు. బియ్యము కొనునప్పుడు కొలత చూతుము. పాలు పోయించుకొనునప్పుడు నురుగు తొలగించి చూతుము. బట్ట కొనునప్పుడు గజముకోలపై కన్ను వేసియుందుము. కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రము అడుగుననున్న మొత్తము నొక్కదానినే చూచి, "ఈ నెల యెక్కువ వచ్చినది" యని నిట్టూర్చి, ఆ కాగితమును మేకునకు గ్రుచ్చి మఱచిపోవుదుము.

ఇట్లు మఱచిపోవుటవలన వెనుకటి దినములలో పెద్ద నష్టము లేకుండెను. ఇప్పుడట్లు కాదు. ప్రభుత్వములు గృహముల కరెంటు వ్యయమును తామే భరించు పథకములు పెట్టినవి. ఆ సహాయము ఇంటికి చేరుటయు, చేరకపోవుటయు కొన్ని సమయములందు ఒక్క యూనిట్టుపై ఆధారపడి యున్నది. మీటరు వంక చూచు అలవాటు గల యిల్లాలికి ఆ సహాయము నిలుచును. చూడని యిల్లాలికి తెలియకయే చేజాఱును. కాబట్టి సోదరీమణులారా, ఈ లెక్కను మనము కొంచెము ఓపికతో విప్పి చూతము.

యూనిట్టన నేమి?

వేయి వాట్ల శక్తి గల పరికరము ఒక గంటసేపు పనిచేసిన, ఖర్చగు విద్యుచ్ఛక్తి ఒక యూనిట్టు. దీనినే కిలోవాట్ గంట యందురు. పూర్వపు 100 వాట్ల గాజుబుడ్డి దీపము పది గంటలు వెలిగిన నొక యూనిట్టు కాలును. ఇప్పుడు మనము వాడు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము అదే యొక యూనిట్టుతో సుమారు 111 గంటలు వెలుగును. ఐతే దీని వెలుతురు ఆ 100 వాట్ల దీపపు వెలుతురుకంటె కొంత తక్కువ.

మన యిండ్లలో చాలమంది దీపములార్పుటలో చూపు శ్రద్ధ తక్కిన వస్తువుల యెడ చూపరు. లెక్క చూచిన, దీపము దోషి కాదు. సామాన్యమైన పంకా 75 వాట్లు తీసికొనును. దినమునకు 15 గంటలు తిరిగిన నెలకు దాదాపు 34 యూనిట్లగును. అట్టి పంకాలు మూడున్న యింట, పంకాలకే నూఱు యూనిట్లు చెల్లును. నీరు కాచు గీజరు 2,000 వాట్లది. అర్ధగంట కాచిన నొక యూనిట్టు, అనగా నెలకు 30. ఒక అశ్వశక్తి గల నీటి మోటారు గంట కించుమించు ముప్పాతిక యూనిట్టు త్రాగును. ఇస్త్రీపెట్టె వేయి వాట్లది, అర్ధగంటకు అరయూనిట్టు. దీనికి భిన్నముగ, వంటయింట పెద్ద రొద చేయు మిక్సీ పది నిమిషములకు యూనిట్టులో పదవ వంతుకంటె ఎక్కువ తీసికొనదు. రొదను బట్టి ఖర్చు నూహించుట పొరపాటు. మౌనముగ పగలు రేయి పనిచేయు వస్తువులే మన బిల్లును పెంచునవి.

ధరల మెట్లు

అంగడిలో ఎక్కువ కొన్న ధర తగ్గును. కరెంటు విషయములో దీనికి విపరీతము. ఎక్కువ వాడినకొలది యూనిట్టు ధర పెరుగును. తక్కువ వాడు బీదయింటికి తక్కువ ధర, హెచ్చుగ వాడు సంపన్నుల యింటికి హెచ్చు ధర యన్నదే దీని యుద్దేశము. ఈ మెట్లనే స్లాబులని పిలుచుచున్నారు. ఐతే మెట్లు కట్టుటలో రెండు విధము లున్నవి. ఈ భేదము తెలిసిననే గాని బిల్లు అర్థము కాదు.

మొదటి విధము ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చినది. అంతకు పూర్వమచట గృహములను వర్గములుగ విడదీసెడివారు. ఆ వర్గములు తీసివేసి, అందఱికి నొకే నిచ్చెన వేసిరి. మొదటి 30 యూనిట్లకు యూనిట్టొకటికి రూ. 1.90, పిదప 75 వఱకు రూ. 3.00, 125 వఱకు రూ. 4.50, 225 వఱకు రూ. 6.00, 400 వఱకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. ఎంత సంపన్నుల యింటికైనను మొదటి 30 యూనిట్లు రూ. 1.90 చొప్పుననే లభించును. పై మెట్టు ఎక్కినవారికి ఆ మెట్టుపై వాడినంత మేరకే హెచ్చు ధర పడును. క్రింది మెట్లు చెక్కుచెదరవు. ఈ లెక్కన 200 యూనిట్లకు రూ. 867, 201 యూనిట్లకు రూ. 873. ఒక యూనిట్టు హెచ్చినందున ఆఱు రూపాయలే పెరిగినది.

రెండవ విధము తెలంగాణలో 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన పట్టికలో నున్నది. ఇందు వర్గములు కలవు. నెలకు 100 యూనిట్లు మించని యింటికి మొదటి 50 యూనిట్లు రూ. 1.95 చొప్పున, తక్కిన 50 రూ. 3.10 చొప్పున. వంద దాటి 200 లోపు వాడు యింటికి మొదటి వందయు రూ. 3.40 చొప్పున, రెండవ వంద రూ. 4.80 చొప్పున. ఇన్నూఱు దాటిన యింటికి మొదటి 200 యూనిట్లును రూ. 5.10 చొప్పున, పిమ్మట 300 వఱకు రూ. 7.70, 400 వఱకు రూ. 9.00, 800 వఱకు రూ. 9.50, ఆపైన రూ. 10.00. ఇచట గీత దాటిన గృహమునకు క్రింది మెట్ల చౌకధర కూడ పోవును. వెనుక వాడిన యూనిట్లన్నియు మరల క్రొత్త ధరతో లెక్కకు వచ్చును.

దీని ఫలము చూడుడు. వంద యూనిట్లకు రూ. 252.50 కాగా, నూట యొక్క యూనిట్టునకు రూ. 344.80. ఇన్నూఱు యూనిట్లకు రూ. 820 కాగా, ఇన్నూట యొక్క యూనిట్టునకు రూ. 1,027.70. ఆ చివరి యొక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట! ఒక గీజరు అర్ధగంట యెక్కువ కాగుట చేతనో, ఒక పంకా యెవ్వరును లేని గదిలో ఒక పగలు తిరుగుట చేతనో ఇంత ధనము పోవును.

ఈ మొత్తములపై మఱికొన్ని చిల్లర పద్దులు చేరును. ఇంటికి మంజూరైన కిలోవాట్ల లెక్కపై స్థిర ఛార్జీ యొకటి. బిల్లు వ్రాయుట మొదలైన పనులకు వినియోగదారు ఛార్జీ యొకటి. ప్రభుత్వమునకు చెందు విద్యుత్ సుంకము గృహములకు యూనిట్టునకు 6 పైసలు. ఇవిగాక, సర్దుబాటు ఛార్జీ యనునది కూడ నుండవచ్చును. బొగ్గు ధరయో, కొనిన కరెంటు ధరయో ముందనుకొన్నదానికంటె హెచ్చినచో, ఆ భేదమును పిదప నెలలలో రాబట్టుకొనుటకై వేయునది యిది. కేంద్ర ప్రభుత్వము 2022లో చేసిన నిబంధనల వలన దీనిని నెలనెలకు వేయు పద్ధతి యేర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుండి యూనిట్టునకు 40 పైసల వఱకు నీ విధముగ వసూలు జరిగినది. "మేము వాడినది పోయిన నెలంతయే, బిల్లు మాత్రము పెరిగినది" యని ఆశ్చర్యపడు సోదరీమణులు మొదట ఈ పద్దును వెదకవలయును.

సహాయము వచ్చు త్రోవలు

ప్రభుత్వ సహాయమనగానే "ఉచితము" అను మాటయే మనకు తోచును. నిజమునకు సహాయము మూడు త్రోవలలో వచ్చుచున్నది.

మొదటిది కంటికి కనబడని త్రోవ. బొగ్గును త్రవ్వి, మండించి, ఆవిరితో యంత్రములు త్రిప్పి, తీగెలపై వందల మైళ్లు నడిపించి, దారిలో కొంత నష్టపోయి, మన గుమ్మమువఱకు నొక యూనిట్టును తెచ్చుటకగు సగటు ఖర్చుకంటె రూ. 1.90 గాని, రూ. 1.95 గాని మిక్కిలి తక్కువ. ఆ లోటును కొంత దుకాణములు, కర్మాగారములు హెచ్చు ధర చెల్లించి పూడ్చుచున్నవి. కొంత ప్రభుత్వము ఖజానానుండి యిచ్చుచున్నది. కాబట్టి ఏ పథకమునందును పేరు లేని బీదయిల్లాలు కూడ సహాయము పొందుచునే యున్నది.

రెండవది కంటికి కనబడు త్రోవ. తెలంగాణలో గృహజ్యోతి యను పథకము 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమై, ఆ సంవత్సరము మార్చి మాసపు బిల్లులతో ఇండ్లకు చేరినది. ఆహార భద్రతా కార్డు కలిగి, నెలకు 200 యూనిట్లు మించని గృహమునకు బిల్లు సున్న. ఇల్లు సొంతముగ నుండ నవసరము లేదు, అద్దెకున్నవారికిని వర్తించును. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి షెడ్యూల్డు కులముల, తెగల గృహములకు నెలకు 200 యూనిట్ల వఱకు ఉచితమను ఏర్పాటు వచ్చినది. వంటగ్యాసు విషయములోను ఇట్టి సహాయములు కలవు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో 500 రూపాయల సిలిండరును, ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరము నవంబరులో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లను ప్రవేశపెట్టిరి. గ్యాసునకు మొదట మనము పూర్తి ధర చెల్లించవలయును. సహాయము పిదప బ్యాంకు ఖాతాలో పడును. కరెంటునకు బిల్లులోనే తీసివేయుదురు. కావున గ్యాసునకు బ్యాంకు పుస్తకమును, కరెంటునకు బిల్లును పరీక్షించుకొనవలయును.

మూడవది పెట్టుబడికి సహాయము. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద ఇంటికప్పుపై సూర్యఫలకములు పెట్టుకొనువారికి ఒక కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూడు గాని అంతకు మించి గాని యైన 78,000 రూపాయలు రాయితీగ నిర్ణయించిరి. ఒక కిలోవాటు ఫలకము మన యెండకు దినమునకు సుమారు నాలుగు యూనిట్లు పండించును. రెండు కిలోవాట్లున్న యింట నెలకు 240 యూనిట్లు వచ్చుననుకొనవచ్చును. సొంత మిద్దె యుండి, నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చు సంసారములకు ఇది మిక్కిలి లాభకరము; వారు తప్పించుకొనునవి పై మెట్ల ఖరీదైన యూనిట్లు గదా. అద్దెయిండ్లవారికి, పలువురు కలిసియుండు మేడలలోని వారికి ఈ త్రోవ కఠినము.

గీతకు ఈవల, ఆవల

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన మాటకు వత్తుము. గృహజ్యోతి గల యింట 200 యూనిట్లు వాడిన చెల్లించవలసినది సున్న. 201 యూనిట్లు వాడిన, ఆ నెల సహాయమంతయు పోయి, రూ. 1,027.70 పై నితర పద్దులు కలిపి చెల్లించవలయును. సహాయము పల్లమువలె క్రమముగ దిగుట లేదు. కొండచరియవలె ఒక్కచోట తెగిపోవుచున్నది.

మా పొరుగున నొక సంసారము కలదు. యజమానుడు కుట్టుపని చేయును. మే నెలలో కూతురు పురిటికి వచ్చినది. బాలింతకు వేడినీరు, పసిబిడ్డకు రాత్రింబవళ్లు పంకా, చూడవచ్చిన చుట్టములకు మఱియొక గదిలో పంకా. ఆ నెల మీటరు 203 చూపినది. అంతకు ముందు పన్నెండు నెలలు సున్న బిల్లు చూచిన యిల్లాలు వేయికి పైబడిన మొత్తము చూచి, "ఏమి తప్పు చేసితిమమ్మా?" యని బిల్లు పట్టుకొని మా కడకు వచ్చెను. తప్పేమియు లేదు. బిడ్డ పుట్టినది, ఎండ కాసినది, అంతియే. ఆడంబరమునకై వాడినవారును, అవసరమునకై వాడినవారును ఆ గీత దగ్గఱ నొక్కటియే.

ఉమ్మడి కుటుంబములకు ఈ గీత మఱింత కష్టము కలిగించును. అన్నదమ్ములిద్దఱు భార్యాబిడ్డలతో, ముసలి తల్లిదండ్రులతో ఒకే కప్పు క్రింద, ఒకే మీటరుపై నున్నారనుకొందము. ఎనిమిదిమందికి నెలకు 260 యూనిట్లు విలాసము కాదు. తెలంగాణ పట్టిక ప్రకారము వారి బిల్లు రూ. 1,482, సహాయము లేదు. అదే యన్నదమ్ములు వేఱుపడి, చెఱి 130 యూనిట్లు వాడుకొన్న, ఒక్కొక్కరికి రూ. 484 చొప్పున, ఉభయులకు రూ. 968. కార్డులు రెండున్నచో ఇరువురికిని సున్న. మనుష్యులు వారే, పంకాలు అవే, వాడిన కరెంటును అంతియే. కలసియున్నందుకు జుల్మానా, విడిపోయినందుకు బహుమానము! మీటరు యూనిట్లను లెక్కించును గాని, ఆ యింట భోజనమునకు పడు విస్తళ్లను లెక్కింపదు. ఆంధ్రప్రదేశ్ నిచ్చెనలో కూడ ఈ భేదము లేకపోలేదు. అచట 260 యూనిట్లకు రూ. 1,323.25, రెండు నూట ముప్పదులకు కలిపి రూ. 894. ఐనను గీత దగ్గఱ హఠాత్తుగ పడిపోవుట యక్కడి ధరలలో లేదు.

ఈ గీతను మెత్తపఱచుటకు మార్గములు లేకపోలేదు. తమిళనాడులో 2016 నుండి రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు గృహములకు ఉచితము. అంతకు మించి వాడినవారు మించినదానికి చెల్లింతురు గాని ఆ వంద పోగొట్టుకొనరు. ఢిల్లీలో 2019 ఆగస్టున 200 యూనిట్ల వఱకు ఉచితము చేసినప్పుడు, 201 నుండి 400 వఱకు వాడువారికి, 800 రూపాయలకు మించకుండ, సగము రాయితీ యుంచిరి. అచట 201వ యూనిట్టు వాడిన యిల్లాలు గోడ దాటిన దగును గాని లోయలో పడినది కాదు. ఖజానా భారము సంగతి వేఱుగ నాలోచింపవలసినదే. కాని, గీత యుండవలయునా యన్నది యొక ప్రశ్న. గీత యెంత నిట్టనిలువుగ నుండవలయునన్నది మఱియొక ప్రశ్న. రెండవ ప్రశ్నను అడుగు హక్కు గృహిణులకు కలదని మా యభిప్రాయము.

మన చేతిలోని యుపాయములు

ధరలు మారువఱకు చేతులు కట్టుకొని కూర్చుండ నవసరము లేదు. 200 యూనిట్లను 30 దినములకు పంచిన దినమునకు ఆఱున్నరకు కొంచెము పైగ వచ్చును, వారమునకు 46. బిల్లు వ్రాసిన దినమున మీటరు చూపు అంకెను పంచాంగముపైనో, గోడ క్యాలెండరుపైనో వ్రాసి పెట్టుకొని, ప్రతి ఆదివారము మరల చూచి వ్రాయుడు. మీటరు పలకపై అంకెలు మారుచుండును. కిలోవాట్ గంట యని చూపు అంకెయే మనకు కావలసినది. పదునైదవ దినమునకు నూఱు దాటినచో ఆ నెల జాగ్రత్త పడవలయునని గుర్తు. నెల చివర చేయు పొదుపుకంటె నడుమ చేయు పొదుపు సులభము.

బిల్లుపై వెనుకటి తేదీయు, నేటి తేదీయు చూచి ఎన్ని దినములకు వ్రాసిరో లెక్కింపుడు. ముప్పదికి బదులు ముప్పదినాలుగు దినములకు వ్రాసినచో, నాలుగు దినముల వాడుక ఈ నెల లెక్కలో చేరి గీత దాటింపవచ్చును. అట్టిది కనబడిన బిల్లును వెంటనే కార్యాలయమునకు గొనిపోయి దినముల లెక్కన సరిచేయుడని యడుగవలయును. వెనుకటి అంకెలు మన క్యాలెండరుపై నుండుట అప్పుడెంతయో బలము.

ఇంటనున్న దీపములు, పంకాలు అన్నియు ఆర్పి మీటరును చూడుడు. దానిపై నొక చిన్న యెఱ్ఱదీపము మిణుకుమనుచుండును. ఎన్ని మిణుకులకు ఒక యూనిట్టో మీటరుపైననే ముద్రించియుందురు. అన్నియు నార్పినను అది మిణుకుచున్నచో, ఎక్కడనో ఏదో త్రాగుచున్నది. టెలివిజను, దాని పెట్టె మొదలైనవి ఆర్పినట్లే కనబడి, మీట వేసియుంచుట వలన 5 వాట్లు తీసికొన్నను నెలకు మూడున్నర యూనిట్లకు పైగ నగును. మా పొరుగింటివారు గీత దాటినది మూడు యూనిట్లతోనే యని మఱవవలదు.

క్రొత్త వస్తువు కొనునప్పుడు నక్షత్రముల చీటీ చూడుడు. శీతలపేటికపై ఏడాదికెన్ని యూనిట్లో ముద్రించియుందురు. పండ్రెండుచే భాగించిన నెల ఖర్చు తెలియును. పంకాలకు 2023 జనవరి నుండి ఈ చీటీ తప్పనిసరి యైనది. 30 వాట్లతో తిరుగు క్రొత్త జాతి పంకాలు దినమునకు 15 గంటల వాడుకపై నెలకు పదమూడున్నర యూనిట్లే తీసికొనును; అనగా పాత పంకాకంటె 20 యూనిట్లు తక్కువ. ధర కొంచెము హెచ్చు. ఐనను రాత్రింబవళ్లు తిరుగు ఒక్క పంకానైనను మార్చిన, గీతకు ఇరువది యూనిట్ల దూరమున నిలువవచ్చును. పొదుపు పేర బాలింతకు గాలి, బిడ్డకు చదువు దీపము తగ్గించుట మాత్రము మేము చెప్పు పొదుపు కాదు.

అర్హత యుండియు సున్న బిల్లు రాని యిండ్లవారు, ఆహార భద్రతా కార్డు, ఆధారు, కరెంటు బిల్లుపైనున్న సర్వీసు నంబరు తీసికొని, పల్లెలలో మండల పరిషత్తు కార్యాలయమున, పట్టణములలో పురపాలక కార్యాలయమున విచారింపవలయును. అద్దెయిల్లు మారినవారు క్రొత్త సర్వీసు నంబరును తెలుపకున్న సహాయము పాత యింటనే నిలిచిపోవును.

మఱియొక హెచ్చరిక. "ఈ రాత్రియే మీ కరెంటు తీసివేయుదుము, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని సందేశములు పంపి, భయపడిన ఆడువారిచేత బ్యాంకు వివరములు చెప్పించి సొమ్ము కాజేయు మోసగాండ్రు బయలుదేరినారు. 2003 నాటి విద్యుత్ చట్టము ప్రకారము బకాయికి కరెంటు తీసివేయుటకు ముందు పదునైదు దినముల వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యవలయును. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్న చాలును. ఆ సందేశమునకు బదులీయ నక్కఱలేదు.

ధర నిర్ణయించువారెవరు?

కరెంటు ధరను మంత్రి యొక్కడు కూర్చుండి నిర్ణయించునని యనేకులు తలంతురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో సంస్కరణ చట్టము వచ్చి, 1999లో విద్యుత్ బోర్డు విడిపోయి, ధరలు నిర్ణయించుటకు విద్యుత్ నియంత్రణ మండలి యేర్పడినది. ఇప్పుడు రెండు రాష్ట్రములకును వేఱువేఱు మండలులు కలవు. పంపిణీ సంస్థలు రాబోవు సంవత్సరమునకు తమకెంత ఖర్చగునో, ఏయే ధరలు కావలయునో వ్రాసి మండలికి దాఖలు చేయును. మండలి దానిని ప్రకటించి, ప్రజల ఆక్షేపణలు తీసికొని, బహిరంగముగ విచారణ జరిపి, పిదప తీర్పు చెప్పును. ప్రభుత్వము ఎవరికైన అంతకంటె తక్కువకు ఇయ్యదలచిన, ఆ భేదమును సంస్థలకు ముందుగనే చెల్లింపవలయునని 2003 చట్టము 65వ విభాగము శాసించుచున్నది. అనగా ఉచితమైన యూనిట్టునకును వెల యున్నది. దానిని మన మందఱము పన్నుల రూపమున చెల్లించుచున్నాము. ప్రభుత్వము ఆ సొమ్మును సకాలమున చెల్లింపకున్న సంస్థలు అప్పులపాలగును. ఆ యప్పుల వడ్డీ తిరిగి తిరిగి మన బిల్లులోనికే వచ్చును.

ధరల విషయమున ప్రజలు మాటాడుట మన దేశమున క్రొత్త కాదు. 2000 సంవత్సరములో ధరల హెచ్చింపునకు వ్యతిరేకముగ గొప్ప యలజడి రేగెను. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగున పోలీసు కాల్పులలో ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. కరెంటు బిల్లు వట్టి అంకెల కాగితము కాదని ఆ దినము చాటినది. ఇప్పుడు వీధికెక్కకయే మన మాట వినిపించుటకు త్రోవ యున్నది. 2024లో తెలంగాణ సంస్థలు 300 యూనిట్లు మించిన యిండ్లన్నిటికిని స్థిర ఛార్జీ హెచ్చింపవలెనని కోరగా, విచారణానంతరము ఆ అక్టోబరులో మండలి ఆ కోరికను అట్లే యంగీకరింపలేదు. విచారణ వ్యర్థము కాదనుట కిదియే నిదర్శనము.

ఈ విచారణలకు కర్మాగారముల పక్షమున న్యాయవాదులు వత్తురు. రైతుల పక్షమున సంఘములు వచ్చును. వంటయింటి పక్షమున ఎవరు వచ్చుచున్నారు? ఆక్షేపణ వ్రాయుటకు ఆంగ్లము రానక్కఱలేదు, తెలుగున వ్రాయవచ్చును. "మా యింట ఎనిమిదిమంది యున్నాము; ఒకే మీటరు; 201వ యూనిట్టు దగ్గఱ సహాయమంతయు పోవుచున్నది; మించినదానికే ధర కట్టుడు" అని పేరు, ఊరు, సర్వీసు నంబరు వ్రాసి, పన్నెండు నెలల బిల్లుల అంకెలు జతచేసి పంపిన, అది లెక్కతో కూడిన విన్నపమగును. ఒక వీధిలోని పదిమంది గృహిణులు కలసి వ్రాసిన మఱింత మేలు. బిల్లులో పొరపాటున్న, సంస్థ సరిచేయకున్న, ప్రతి సంస్థకును వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక యుండవలయునని చట్టమున కలదు. అచట న్యాయము కలుగకున్న, విద్యుత్ అంబుడ్స్‌మన్ కడకు పోవచ్చును.

మన తల్లులు పాలవాని లెక్క గోడపై బొగ్గుతో గీతలు గీచి యుంచెడివారు. నెల చివర పాలవాడు ఒక గీత యెక్కువ చెప్పిన నొప్పుకొనెడివారు కారు. వారికి అక్షరములు రాకపోయినను లెక్క వచ్చెను. మనకు అక్షరములును వచ్చినవి. ఈ ఆదివారము మీటరు దగ్గఱకు పోయి, ఆ అంకెను క్యాలెండరుపై వ్రాయుడు. పిదప పొరుగింటి యమ్మకును చూపి వ్రాయింపుడు.